మంట వెనక వంశలాంఛనం

ఇంగ్లండ్‌లోని సర్రీ కౌంటీలో క్రౌహర్స్ట్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడి సెయింట్ జార్జ్ చర్చిలో ఒక ఇనప సమాధి ఫలకం ఉంది. దాని మీది సంవత్సరం 1591, పేరు ఆన్ ఫార్‌స్టర్. శవవస్త్రం చుట్టిన ఒక ఆకారం, మోకరిల్లిన పిల్లలు, వంశాన్ని చెప్పే డాళ్లు, ఆవిడ ఎవరి కూతురో చెప్పే నాలుగు ముక్కలు అందులో పోతపోసి ఉన్నాయి. ఇంతవరకూ వింతేమీ లేదు. సరిగ్గా అవే ముక్కలు, అవే అక్షరాలు ఇళ్లలో చలిమంట వెనక నిలబెట్టే ఇనప పలకల మీద కూడా దొరకడమే వింత. ఫలానావారమ్మాయి ఇక్కడ శాశ్వత నిద్రలో ఉందన్న రాత ముందు కూచుని జనం కాళ్లు కాచుకున్నారన్నమాట.

ఇందులో ఆవిడ మీద భక్తీ లేదు, కక్షా లేదు. సమాధి కోసం చెక్కిన కొయ్య అచ్చు కొలిమి దగ్గరే ఉండిపోయింది. ఆ తరవాత ఎవరో పొయ్యి పలక కావాలంటే, బోడిగా పోయడం ఎందుకని ఆ అచ్చునే ఇసకలో మళ్లీ ఒత్తారు. పోతపోసేవాడి కంటికి ఆ అక్షరాలు ఒక నగిషీ, అంతే.

ఈ పలకల్ని ఇంగ్లిషువాళ్లు ఫైర్‌బ్యాక్‌లంటారు. యూరప్ వేలంపాటల్లో ఇప్పటికీ వీటికి గిరాకీ ఉంది. కిరీటం, డాలు, ఇరుపక్కలా సింహాలు ఉన్న పలక కనపడితే కొనేవాడి ఊహ వెంటనే ఏ ప్రభువు కోటలోకో పరుగెడుతుంది. కాని ఇనుము మీదున్న వంశానికీ, ఆ ఇనుము ముందు చలి కాచుకున్న మనిషికీ చుట్టరికం ఉండాలన్న నియమం లేదు. ఆ ఇద్దరి మధ్యా పోత పనివాడున్నాడు. వాడి కొట్టులో మూల పడి ఉన్న అచ్చులున్నాయి. సరుకు అమ్ముడుపోవాలన్న ఆరాటముంది. ఫైర్‌బ్యాక్‌ని చదవాలంటే ఈ ముగ్గురినీ కలిపి చదవాలి.

అసలు ఈ పలక అవసరం ఎందుకొచ్చింది? మధ్యయుగపు యూరప్ ఇళ్లలో మంట గది నడిమధ్యన ఉండేది. పొగ ఎటు దారి దొరికితే అటు, పైకప్పు సందుల్లోంచి పోయేది. క్రమంగా మంట గోడ దగ్గరికి జరిగింది, దాని మీద పొగగొట్టం లేచింది. 1577లో ఇంగ్లండ్ గురించి రాసిన విలియం హారిసన్, తమ కాలంలో పొగగొట్టాలు విపరీతంగా పెరిగిపోయాయన్న ఊరి పెద్దల మాటను ప్రత్యేకంగా నమోదు చేశాడు. మంట గోడ దగ్గరికి రాగానే గోడకు ఆపద మొదలైంది. రోజంతా మండే దుంగల వేడికి ఇటుకలు పొడి రాలతాయి, రాళ్లు పగులుతాయి, సున్నం ఊడిపోతుంది. దానికి అడ్డంగా నిలబెట్టిన కవచమే ఫైర్‌బ్యాక్. పదిహేనో శతాబ్దం చివర్లో మొదలైన ఈ అలవాటు తరవాతి మూడు వందల ఏళ్లలో బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, లక్సెంబర్గ్, జర్మనీ, హాలండ్‌లన్నిటికీ పాకింది.

గోడను కాపాడడం దాని మొదటి పని. వేడిని దాచిపెట్టి మెల్లగా గదిలోకి వదలడం రెండోది. ఎనభై కిలోల పలక రెండు వందల డిగ్రీల మేర వేడెక్కిందనుకుంటే, అది తనలో దాచుకునే వేడి దాదాపు రెండు యూనిట్ల కరెంటుతో సమానం. మంట ఆరిపోయాక కూడా ఆ వేడి కొంతసేపు గదిలోకి వస్తూనే ఉంటుంది. కట్టెలు ఖరీదైన చోట ఇది చిన్న లాభం కాదు.

ఈ లాభాన్ని అందరికంటే తెలివిగా వాడుకున్నది ఫ్రాన్స్‌కి తూర్పున ఉన్న లోరైన్, దాని పక్కనే ఉన్న లక్సెంబర్గ్, జర్మనీలోని ఐఫెల్ కొండప్రాంతం. అక్కడ ఈ పలకను టాక్ అంటారు. వంటింటి పొయ్యి వెనక గోడకి పెద్ద కన్నం పెట్టి, ఆ కన్నానికి మూతలా పలకను బిగించేవారు. బొమ్మలున్న వైపు వంటింటి మంటకు ఎదురుగా ఉంటుంది, వీపు పక్కగదిలోకి తేలుతుంది. అటువైపు గోడలో ఒక అలమారా కట్టి, తలుపులు పెట్టేవారు. తలుపులు తీస్తే గదికి వెచ్చదనం, మూస్తే తగ్గుదల. ఒక్క పొయ్యి, రెండు గదులు. పైగా పక్కగదిలో పొగా లేదు, మసీ లేదు. ఫ్యాన్‌కి రెగ్యులేటర్ ఉన్నట్టు ఆ అలమారా తలుపులే వేడికి రెగ్యులేటర్.

ఇనుముతో ఇంత పెద్ద పలకలు పోయడం ఒకప్పుడు సాధ్యమయ్యేది కాదు. పాతకాలపు చిన్న కొలుముల్లో ఇనుము కరగదు, ముద్దగా మెత్తబడుతుంది, దాన్ని సుత్తితో కొట్టి సాగదీయాలి. బ్లాస్ట్ ఫర్నేస్ వచ్చాక ఆ కథ మారింది. ఎత్తైన కొలిమి, వాగు నీటితో తిరిగే చక్రం, ఆ చక్రం నడిపే పెద్ద తిత్తులు, బండ్ల కొద్దీ కట్టెబొగ్గు. లోపలి ఇనుము బొగ్గులోని కార్బన్‌ని నూటికి నాలుగు పాళ్ల దాకా పీల్చుకుని, సుమారు 1,150 డిగ్రీల దగ్గరే నీరులా కరుగుతుంది. పోత ఇనుమంటే ఇదే. పెళుసుది, సుత్తి దెబ్బకు పగులుతుంది, కత్తికీ నాగలికర్రుకీ పనికిరాదు. కాని పోసిన చోటల్లా పారి, ప్రతి సందులోకీ దూరి, బొమ్మను బొమ్మలా పట్టుకుంటుంది. కదలకుండా నిలబడి మంటను భరించే పనికి దాన్ని మించింది లేదు.

ఇంగ్లండ్‌లో ఈ విద్య వీల్డ్ అనే అడవి ప్రాంతంలో వేళ్లూనుకుంది. ససెక్స్, కెంట్, సర్రీ కౌంటీల మీద పరుచుకున్న ఆ అడవుల్లో ఇనపరాయి ఉంది, బొగ్గుకి చెట్లున్నాయి, చక్రాలకు వాగులున్నాయి. లేనిది పనితనం. దాన్ని ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన పనివాళ్లు తెచ్చారు. 1496లో ఏడో హెన్రీ రాజు కాలంలో యాష్‌డౌన్ అడవిలో న్యూబ్రిడ్జ్ దగ్గర కొలిమి నడిచినట్టు రికార్డులున్నాయి. 1543లో బక్స్‌టెడ్‌లో రాల్ఫ్ హాగ్, ఫ్రెంచి ఫిరంగి నిపుణుడు పీటర్ బోడ్ కలిసి ఒకే పోతలో ఇనప ఫిరంగి తీశారు. అక్కణ్నుంచి వీల్డ్ దశ తిరిగింది.

కొలిమికి అన్నం పెట్టింది ఫిరంగులూ, దుక్క ఇనుమూను. పొయ్యి పలకలు చిల్లర సరుకు. కొలిమి ఒకసారి అంటిస్తే నెలల తరబడి రాత్రింబవళ్లు ఆర్పకుండా నడిపేవారు. వాగుల్లో నీళ్లుండే చలికాలమే వాళ్ల పని కాలం. ఆ మధ్యలో ఎవరైనా పలక అడిగితే, పారే ఇనుములోంచి కాస్త పక్కకు మళ్లించి పోసి ఇచ్చేవారు.

పోసే పద్ధతి చాలా సూటిది. కొలిమి ముందు నేల మీద తడి ఇసకను చదునుగా పరుస్తారు. పలక ఆకారంలో ఉన్న చెక్కను అందులో ఒత్తి తీస్తారు. ఆ గుంటలో బొమ్మలు చెక్కిన చిన్న చిన్న కొయ్య అచ్చుల్ని కావలసిన చోట ఒత్తుతారు. ఒక కాలువ తీసి కరిగిన ఇనుమును వదులుతారు. పైన మూత ఉండదు. చల్లారాక తిరగేస్తే బొమ్మ ఉబ్బెత్తుగా లేచి వస్తుంది. ఇసక తగలని వీపు మాత్రం గరుకుగా, ఎగుడుదిగుడుగా మిగులుతుంది. అంచుకి నగిషీ కావాలా? ఒక ముక్క మోకు తీసుకుని ఇసకలో ఒత్తితే సరి. వీల్డ్‌లోని తొలి పలకల అంచుల్లో ఆ మోకు పురులు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉంటాయి. ఇంకొందరు కత్తిపిడో, చేతికందిన ఇంకో పనిముట్టో ఒత్తి వదిలిపెట్టారు.

ఈ పద్ధతిలో ఒక తిరకాసుంది. ఇసకలో పడే ముద్ర తిరగబడి ఉంటుంది, ఇనుములో మళ్లీ తిన్నగా వస్తుంది. అంటే కొయ్య మీద అక్షరాన్ని తిన్నగానే చెక్కాలి. అచ్చు అంటే తిరగబడి ఉండాలని అలవాటుపడ్డ చెయ్యో, చదువురాని చెయ్యో ఎన్ ఎస్ లాంటి అక్షరాల్ని తిరగేసి చెక్కితే అవి అలాగే ఇనుములోకి ఎక్కి కూచుంటాయి. రాతలో తప్పయితే చెరిపెయ్యొచ్చు. నాలుగు వందల ఏళ్లుగా ఆ తప్పులు మాత్రం అలాగే ఉన్నాయి.

మొదట్లో పలకల మీద తీరూ తెన్నూ ఉండేది కాదు. గులాబీలు, లిల్లీ పువ్వులు, లంగర్లు, ఇంటివాళ్ల పేరులోని మొదటి అక్షరాలు, ఒక సంవత్సరం. అచ్చులు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఏది ఎక్కడ పడితే అక్కడ. 1588 అని ఉన్న ఒక ప్రసిద్ధ పలకలో లంగర్లు, గులాబీలు, లిల్లీలు కలిసి ఉన్నాయి. స్పెయిన్ నౌకాదళం ఇంగ్లండ్ మీదికొచ్చి చెదిరిపోయిన ఏడాది అదే కావడంతో దానికి ఆర్మడా పలక అన్న పేరు స్థిరపడింది. లంగర్లకీ ఆ యుద్ధానికీ సంబంధం ఉందో లేదో పలక చెప్పదు. పేరు మాత్రం నిలిచిపోయింది, నకళ్లు తెగ అమ్ముడుపోయాయి.

తరవాత డాళ్లొచ్చాయి. మనకు లాంఛనం కొత్త కాదు. తూర్పు చాళుక్యుల రాగి శాసనాల ముద్ర మీద వరాహం ఉంటుంది. అది రాజవంశానికి గుర్తు, రాజ్యానికి గుర్తు. యూరప్‌లో ఆ గుర్తు ఇంటింటి ఆస్తి అయిపోయింది. యుద్ధంలో ఇనప టోపీ కింద మొహం కనపడని సర్దారు ఎవరో తెలియడానికి డాలు మీద వేసుకున్న బొమ్మ కొడుక్కి వచ్చింది, మనవడికి వచ్చింది, పెళ్లయితే రెండు డాళ్లు పక్కపక్కన చేరాయి. అందుకే ఫ్రెంచి పలకల మీద జంట డాళ్లు కనిపిస్తే అది దాదాపుగా పెళ్లి గుర్తు. ఎడమ పక్కన మొగుడి వంశం, కుడి పక్కన పెళ్లాం వంశం. పెళ్లి జరిగిన ఏడాది ఊరి రికార్డుల్లో దొరికిందా, పలక వయసు దాదాపు తేలినట్టే.

డాలు పైన కిరీటం ఉంటే హోదా తెలుస్తుంది. ఫ్రెంచి పద్ధతిలో డ్యూక్ కిరీటానికి ఆకులుంటాయి. మార్క్విస్ కిరీటంలో ఆకుల మధ్య ముత్యాల గుత్తులుంటాయి. కౌంట్‌కి ఆకుల్లేవు, వరసగా ముత్యాలే. కిరీటం బదులు వెడల్పాటి టోపీ, దాన్నుంచి రెండు పక్కలా వేలాడే కుచ్చులు ఉంటే ఆ డాలు చర్చి పెద్దది. కుచ్చుల వరసలు పెరిగేకొద్దీ పదవి పెరుగుతుంది. డాలు చుట్టూ గొలుసుంటే రాజు ఇచ్చిన బిరుదు. ఆల్చిప్పల హారమైతే 1469లో పెట్టిన సెయింట్ మిషెల్ బిరుదు, పావురం ఉన్న శిలువైతే 1578లో ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీ పెట్టిన సెంతెస్ప్రీ బిరుదు. ఆ ఏడాదికి ముందు ఆ పలక పోసి ఉండే అవకాశమే లేదు.

వీటన్నిటికంటే కష్టం రంగులది. వంశలాంఛనంలో రంగే ప్రాణం. ఎర్ర పొలం మీద బంగారు సింహం ఒక ఇంటిదైతే నీలి పొలం మీద బంగారు సింహం ఇంకో ఇంటిది. మరి నల్లటి ఇనుములో ఎరుపేది, నీలమేది? ఈ చిక్కు ఇనుముకే కాదు, పుస్తకాలు అచ్చు వేసేవాళ్లకీ ఉండేది. 1638లో రోములో జెస్యూట్ పండితుడు సిల్వెస్టర్ పెట్రా సాంక్టా వేసిన పుస్తకంతో ఒక గీతల భాష వ్యాప్తిలోకి వచ్చింది. నిలువు గీతలంటే ఎరుపు, అడ్డగీతలంటే నీలం, చుక్కలంటే బంగారం, ఖాళీ అంటే వెండి, ఏటవాలు గీతలంటే ఆకుపచ్చ, నిలువూ అడ్డమూ కలిసిన వల అయితే నలుపు. పదిహేడో శతాబ్దం గడిచేకొద్దీ పలకల మీద కూడా ఈ గీతలు కనిపిస్తాయి. మసి తుడిచి, పక్కనుంచి లైటు కొట్టి చూస్తే బోడి ఇనుము రంగుల జెండాలా చదవడానికి వస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అందమైన ఏర్పాటు ఇదే.

ఇంగ్లండ్ పలకల్లో ఎక్కువగా కనపడేవి రాజుగారి లాంఛనాలు. వాటితో కాలం కట్టడం కొంత తేలిక. డాలుకి ఒక పక్క సింహం, ఇంకో పక్క డ్రాగన్ ఉంటే అది ట్యూడర్ వంశపు రాజుల కాలం. 1603లో స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్ గద్దె ఎక్కాడు. డ్రాగన్ పోయి, స్కాట్లండ్ ఒంటికొమ్ము గుర్రం యూనికార్న్ వచ్చింది, డాల్లోకి ఐర్లండ్ వీణ చేరింది. 1714లో జర్మనీ నుంచి హానోవర్ వంశం రాగానే వాళ్ల పరుగెత్తే గుర్రం చోటు సంపాదించింది. ఫ్రాన్స్ గద్దె కూడా మాదేనంటూ ఇంగ్లిషు రాజులు వందల ఏళ్లు తమ డాల్లో ఉంచుకున్న ఫ్రెంచి లిల్లీ పువ్వుల్ని 1801లో తీసేశారు.

రాజచిహ్నం ఉన్నంత మాత్రాన ఇల్లు రాజుది కాదు. ఇది గట్టిగా చెప్పుకోవలసిన సంగతి. ఆ పలకలు కొలిమి దగ్గర సిద్ధంగా ఉండే సరుకు. సత్రం యజమాని కొనుక్కున్నాడు, కాస్త కలిగిన రైతు కొనుక్కున్నాడు. కొందరికి అది రాజభక్తి, ఇంకొందరికి ఇంటికి కాస్త ఠీవి. ఫ్రాన్స్‌లోనూ అంతే. మూడు లిల్లీల డాలు అచ్చు లేని పోతశాల ఉండేది కాదేమో అనిపించేంతగా ఆ పలకలు దొరుకుతాయి. నాలుగో హెన్రీ 1589లో రాజయ్యాక లిల్లీల పక్కన నవార్ రాజ్యపు గొలుసుల డాలు కూడా జతగా వచ్చింది. లోరైన్ పలకల మీద ముక్కూ కాళ్లూ లేని మూడు చిన్న గద్దలుంటాయి. డ్యూక్‌లు ఏలిన ఆ ప్రాంతం 1766లో ఫ్రాన్స్‌లో కలిసిపోయింది. గద్దలు మాత్రం పొయ్యిల వెనక ఉండిపోయాయి.

సొంత లాంఛనాన్ని సొంత కొలిమిలో పోసుకున్న వంశాలూ ఉన్నాయి. ససెక్స్‌లో పెల్‌హామ్‌ల గుర్తు బెల్టు బకిల్. 1356లో ప్వాతియే యుద్ధంలో ఫ్రెంచి రాజు జాన్‌ని పట్టుకున్నవాళ్లలో తమ పూర్వీకుడు ఒకడని, రాజు నడికట్టు బకిల్ ఆ రోజు దక్కిందని ఆ ఇంటి కథ. కథ నిజమెంతో గాని, ఆ బకిల్ ససెక్స్ చర్చి గోపురాల మీద ఉంది, పొయ్యి పలకల మీదా ఉంది. ఆ కుటుంబానికి సొంత కొలిమి కూడా ఉండేది. మంట, ఇనుము, అచ్చు, డాలు అన్నీ ఇంటివే.

బ్రైట్‌లింగ్ ఊరి ఫుల్లర్ కుటుంబం ఇంకా ముందుకెళ్లింది. వాళ్లు ఇనుము వల్లే పైకొచ్చినవాళ్లు. హీత్‌ఫీల్డ్ కొలిమిలో ఫిరంగులు పోశారు. వంశ నినాదంగా బొగ్గుతో, పటకారుతో అని అర్థమొచ్చే లాటిన్ మాటలు పెట్టుకున్నారు. వంశ నినాదాలు సాధారణంగా దేవుడు, పరువు, కత్తి చుట్టూ తిరుగుతాయి. పటకారును తలకెత్తుకున్న నినాదం చూస్తే ముచ్చటేస్తుంది. అయితే ఆ ఇంటి సంపదలో జమైకా చెరకు తోటల్లో బానిసల చెమట కూడా ఉందన్నది ఆ ముచ్చటలో కలిపి గుర్తుంచుకోవలసిన మాట. ఆ నినాదంలో చెరకు లేదు.

డాలు పెట్టుకునే హక్కు లేనివాళ్లు ఏం చేశారు? ఫిరంగి పోసిన రాల్ఫ్ హాగ్ ఇంటిపేరుకి ఇంగ్లిషులో పంది అని అర్థం. బక్స్‌టెడ్‌లోని హాగ్ హౌస్ గోడకి పంది బొమ్మ, 1581 అంకె పోసిన ఇనప పలక బిగించి ఉంది. పెద్దింటివాళ్లు సింహాలు పెట్టుకుంటే ఈయన దర్జాగా పందిని పెట్టుకున్నాడు. బ్రీడ్ కొలిమిలో పోత పని చేసిన రిచర్డ్ లెనార్డ్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1636 నాటి పలకలో తన బొమ్మనే పోసుకున్నాడు. చేతిలో సుత్తి, చుట్టూ పనిముట్లు, మండుతున్న కొలిమి, తన పేరు, ఊరి పేరు. వందలాది పలకల మీద ఎవరెవరి డాళ్లో ఒత్తిన చేతులు, ఒక్కసారి తమని తాము ఒత్తుకున్నాయి. వీల్డ్ పలకల్లో ఒక్కటే ఎంచుకోమంటే ఏ ప్రభువు డాలునో కాదు, దీన్నే ఎంచుకోవాలి. జనం కూడా అదే అనుకున్నట్టున్నారు, దాని నకళ్లు లెక్కలేనన్ని ఇళ్లకు చేరాయి.

ఫ్రాన్స్‌లో ఈ డాళ్లకి గడ్డుకాలం విప్లవంతో, 1790లో మొదలైంది. ఆ ఏడాది జూన్ 19న వంశపారంపర్య ప్రభువుల హోదాలు, వాటితోపాటు లాంఛనాలు రద్దయ్యాయి. 1793 ఆగస్టుకి చట్టం ఇంకా బిగుసుకుంది. ఏ ఇంటి మీద, ఏ తోట గోడ మీద వంశచిహ్నం కనపడినా ఆ ఆస్తి జాతిపరం. రాతి డాళ్లని ఉలితో కొట్టేశారు, ఇనప గేట్ల కిరీటాలు కోసేశారు. మరి పొయ్యి వెనక పలకలో? వాటిని కొట్టేస్తే పగులుతాయి. పీకేస్తే గోడ కాలుతుంది. కొత్తవి పోద్దామంటే పోతశాలలన్నీ యుద్ధం పనిలో ఉన్నాయి.

1793 అక్టోబరులో విప్లవ ప్రభుత్వపు సభ అయిన జాతీయ కన్వెన్షన్ దీనికి ప్రత్యేకంగా ఒక ఆజ్ఞ ఇచ్చింది. భూస్వామ్య చిహ్నాలో, పాత ఫ్రాన్స్ డాలో ఉన్న పొయ్యి పలకల్ని ఇంటి యజమానులూ అద్దెకున్నవాళ్లూ తిరగేసి పెట్టాలి. దేశంలో చాలినన్ని పోతశాలలు ఏర్పడేదాకా ఇది తాత్కాలిక ఏర్పాటు. రాజు తల తీయడానికి వెనకాడని ప్రభుత్వం, రాజు పలక దగ్గరికొచ్చేసరికి గోడవైపు తిప్పమని సర్దుకుంది. విప్లవానికి కూడా చలి వేస్తుంది మరి.

ఆ ఆజ్ఞను అందరూ ఒకలాగే పాటించలేదు. కొందరు తిరగేశారు. కొందరు లిల్లీల్ని మాత్రం ఉలితో చెక్కేసి మిగతా బొమ్మ ఉంచుకున్నారు. కొందరు పట్టించుకోలేదు. తిరగేసినవాళ్లలో చాలామంది తరవాత మళ్లీ తిప్పనేలేదు. అందువల్ల జరిగిన మేలు ఏమిటంటే, బొమ్మ ఉన్న వైపు మంట తగలకుండా భద్రంగా ఉండిపోయింది. మామూలుగా ఏళ్ల తరబడి వేడికి పలక మధ్యభాగం పొరలు లేస్తుంది, పగుళ్లిస్తుంది, బొమ్మ అరుగుతుంది. గోడకేసి తిరిగినవాటి కిరీటాలు కొత్తగా ఉన్నాయి. లాంఛనాన్ని మాయం చేద్దామని తెచ్చిన చట్టమే దాన్ని కాపాడింది. ఖాళీ అయిన మార్కెట్లోకి విప్లవపు పలకలు వచ్చాయి, వాటి మీద స్వాతంత్ర్య టోపీలు, కట్టెల మోపులో బిగించిన గొడ్డళ్లు. కొన్నేళ్లకి నెపోలియన్ గద్ద వచ్చి వాలింది. అచ్చులు చెక్కేవాడికి పని తగ్గలేదు.

వంశాల బొమ్మలే కాదు, బైబిలు కథలు కూడా ఇనుముకెక్కాయి, ముఖ్యంగా జర్మనీలో. అక్కడ ఇనప పలకల్ని పెట్టెలా బిగించి స్టవ్‌లు చేసేవారు. హెస్సేలో ఫిలిప్ సోల్డాన్ పదహారో శతాబ్దంలో చెక్కిన అచ్చులు వీటిలో పేరు మోసినవి. ఆ అలవాటు వలసవెళ్లిన జర్మన్లతో పెన్సిల్వేనియా దాకా వెళ్లింది. ఆ పలకల మీద హెన్రీ మెర్సర్ 1914లో వేసిన పుస్తకం పేరు ది బైబిల్ ఇన్ ఐరన్. హాలండ్ ఇష్టం వేరు, పైన కమాను ఆకారం, చుట్టూ పూలదండలు, మధ్యలో ఏదో పురాణ దేవత. వాటిలో చాలా భాగం నిజానికి జర్మనీలోని సీగర్‌లాండ్‌లో పోసినవే.

ఫైర్‌బ్యాక్‌ని చంపింది బొగ్గు. గనుల బొగ్గు మండాలంటే కింద గాలి కావాలి, అంటే కడ్డీల పొయ్యి కావాలి. ఆ పొయ్యి వెనక భాగంతో సహా ఒకే సామానుగా అమ్ముడయింది. 1709లో కోల్‌బ్రూక్‌డేల్‌లో అబ్రహం డార్బీ కోక్ బొగ్గుతో ఇనుము తీశాడు. కట్టెబొగ్గు మీద బతికిన వీల్డ్ కొలుములు ఒక్కొక్కటే చల్లారాయి. చివరిది ఆష్‌బర్న్‌హామ్, అది పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మూతపడింది. అంతకు కాస్త ముందు, 1796లో, శాస్త్రవేత్త కౌంట్ రమ్‌ఫర్డ్ పొయ్యి వెనక ఇనుము అసలు పనికిరాదని, ఇటుకే మేలని వాదించాడు. లోహం వేడిని మింగుతుందే గాని తిరిగి ఇవ్వదన్నాడు. నునుపైన, మెరిసే లోహం విషయంలో ఆ మాట నిజం. గరుకుగా మసిపట్టిన పోత ఇనుము వేడిని బాగానే వెదజల్లుతుంది. ఆయన పొయ్యిలు గెలిచాయి, వాదంలో ఆ భాగం మాత్రం గట్టిది కాదు.

వాడకం పోయాక వ్యామోహం మొదలైంది. విక్టోరియా రాణి కాలంలో పాత ఇళ్ల మోజు పెరిగి, పాత పలకల్నే ఇసకలో ఒత్తి నకళ్లు పోశారు. ఇప్పటికీ పోస్తున్నారు. నకలుని పట్టుకోవడానికి ఒక భౌతికశాస్త్ర సూత్రం ఉంది. పోత ఇనుము చల్లారేటప్పుడు నూటికి దాదాపు ఒక పాలు కుంచించుకుపోతుంది. ఎనభై సెంటీమీటర్ల పలకను అచ్చుగా వాడి పోస్తే నకలు ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గుతుంది. నకలుకి నకలు తీస్తే ఇంకా తగ్గుతుంది, సింహం గోళ్లు మొద్దుబారతాయి, అక్షరాల అంచులు కరిగినట్టవుతాయి. వీపు కూడా చూడాలి. తెరిచిన ఇసకలో పోసిన పాతది గరుకుగా ఉంటుంది. మూత పెట్టి పోసిన కొత్తది నున్నగా ఉంటుంది. పలక మీదున్న సంవత్సరాన్ని మాత్రం చివరగా నమ్మాలి. అంకెల అచ్చు విడిగా ఉంటుంది, పాత అచ్చు ఎన్నేళ్ల తరవాతైనా మళ్లీ ఇసకలో పడగలదు.

ఈ విడి అచ్చులే పరిశోధకులకు ఆధారమయ్యాయి. ఒకే పగులు ఉన్న గులాబీ అచ్చు రెండు పలకల మీద కనపడితే రెండూ ఒకే కొలిమివని చెప్పొచ్చు. ఇలా ఒకదాన్నొకటి పట్టుకుంటూ పోయి, పేరు లేని పోతశాలల వరసలు కడుతున్నారు. జెరెమీ హాడ్జ్‌కిన్సన్ 2010లో బ్రిటిష్ పలకల మీద వెలువరించిన పుస్తకం ఈ రంగంలో పెద్ద ఆసరా.

లండన్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లకి వీల్డ్ పలకలు ఒక్కరోజు ప్రయాణం దూరంలో ఉన్నాయి. లూయిస్ పట్టణంలోని ఆన్ ఆఫ్ క్లీవ్స్ హౌస్‌లో వీల్డ్ ఇనుము సేకరణ ఉంది. వాడ్‌హర్స్ట్ చర్చి నేలలో ముప్పై దాకా ఇనప సమాధి ఫలకాలున్నాయి. ఫ్రాన్స్, బెల్జియం వెళ్లేవాళ్లకి నాన్సీలోని లోరైన్ మ్యూజియం, బెల్జియంలో విర్టన్ పట్టణపు గోమే మ్యూజియం టాక్ పలకలకు పేరుపడ్డవి. వెళ్లేముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి, ఫోన్ టార్చి వెంట తీసుకెళ్లండి, వెలుగు ఎదురుగా కాకుండా పక్కనుంచి వేయండి. ఫ్రాన్స్ పల్లెలో పాత ఇల్లు కొనే యోగం ఉన్నవాళ్లయితే, పొయ్యి వెనక బోడి పలక ఉందని తుక్కుకి అమ్మకండి. ఇద్దరు మనుషుల్ని పిలిచి ముందు దాన్ని తిరగేసి చూడండి.